పెద్దది తీసెయ్యి

డ్రిల్ వేసిన రంధ్రం నున్నగా ఉంది. కంప్యూటర్ డిస్క్‌ను కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అందులోంచి ఎదురింటి గోడ ముక్క కనిపిస్తోంది.

ఆడపడుచు దాన్ని దించకుండా చూస్తూనే ఉంది. పొరుగూరి పని మధ్యలో వదిలేసి నేరుగా వచ్చింది. ప్రయాణపు సంచీ ఇంకా భుజం మీదే ఉంది.

“ఇది ఏది అన్నయ్యా?”

“పెద్దది. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందే. పెద్దది పోయింది, తీసెయ్యి అన్నావు. తీసేశాను.”

“ఇది చిన్నది.”

“పైన అచ్చేసి ఉంది, చదువుకో. రెంటిలో ఎక్కువ పట్టేది ఇదే.”

“పట్టడం కాదు. పెద్దది అంటే ముందు కొన్నది. ఇది దాని తర్వాత వచ్చింది. అప్పట్నుంచీ అది పెద్దది, ఇది చిన్నది. మనిద్దరిలో ఎవరు పెద్ద అంటే నువ్వు తూకం వేసి చెప్తావా?”

అన్నగారు వంగి డిస్క్ మీది అచ్చును మళ్ళీ చదివాడు. అచ్చుతప్పులు దిద్దడం ఆయన ఉద్యోగం. ఒక మాట పక్కన ఇంకో మాట లేకపోతే అది ఎటు ఒరుగుతుందో ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పగలడు. నిన్న ఫోన్‌లో విన్న ఆ ఒక్క మాటను మాత్రం ఎటు ఒరిగిందో చూడకుండానే పట్టుకున్నాడు.

ఆయన భార్య ఆ సంభాషణను పనిగది గుమ్మంలో నిలబడి వింది. చేతులు పోయినవాళ్ళకు చేతులు చేయడం ఆమె వృత్తి. ఆమె వెనక బల్ల మీద సిలికాన్ వేళ్ళు రంగు ఆరడానికి వరుసగా నిలబెట్టి ఉన్నాయి.

“టీచరుగారి చెయ్యి ఎక్కడుంది?” అని అడిగింది.

ఇద్దరూ డిస్క్ వైపే చూశారు.

“నేను డిస్కుల గురించి అడగడం లేదు. ఆ చెయ్యి ఎక్కడుంది?”

ఆడపడుచు చేతిలోదాన్ని బల్ల మీద పెట్టింది. “దీంట్లో ఉండేది వదినా. మంచిది ఇదే. ఇక మిగిలింది ఆ పోతున్నది. ఉంటే దాంట్లోనే ఉండాలి.”

డ్రాయింగ్ టీచరు కుడిచెయ్యి ఇప్పుడు లోకంలో లేదు. మణికట్టు ఎముకలో గడ్డ లేచి, ఆపరేషన్‌లో తీసేశారు. దానికి ముందు వారంలో ఆవిడ ఈ గదికి వచ్చి, ఈ బల్ల మీదే చెయ్యి పరిచి కూర్చుంది. నొప్పి వల్ల అచ్చు తీసే ముద్ద తాకనివ్వలేకపోయింది. అందుకని స్కాన్ ఒక్కటే తీశారు. వెలుగు చేతి చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఆవిడ దాన్ని, ఊరు వదిలి వెళుతున్న మనిషిని చూసినట్టు చూసింది. మధ్యవేలి పక్కన పెన్సిల్ ఆనీ ఆనీ పడిన నొక్కు ఉంది. వచ్చేవాళ్ళందరూ అందంగా చెయ్యమంటారు. ఆవిడ మాత్రం, “అందంగా వద్దండి. నాదిలా చెయ్యండి,” అంది.

లేచి వెళ్ళబోతూ ఇంకో మాట కూడా అంది. “ఆస్పత్రిలో ఎవరో ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. ఎవరెవరికి పంపుకున్నారో తెలీదు. ఇది ఎక్కడికి వెళ్తుంది?”

“ఈ ఇల్లు దాటదు,” అని ఆమె మాట ఇచ్చింది.

గాయం మానింది. ఈ సాయంత్రం టీచరు మొదటిసారి తన చేతిని తెర మీద చూసుకోవడానికి వస్తోంది.

*

ఆ ఇంట్లో సర్వర్ అంటే మెట్ల కింది అరలో గొడుగుల పక్కన ఉండే నల్లటి పెట్టె. అందులో రెండు డిస్కులు మనిషీ అద్దంలో బొమ్మా లాగా పనిచేస్తాయి. ఒకదాని మీద పడిన రాత అదే క్షణంలో రెండోదాని మీదా పడుతుంది. ఒకటి పోతే ఒకటి మిగులుతుంది. ఆమె ఇంతవరకు అర్థం చేసుకుంది. ఇంతవరకే నమ్మింది.

నెట్‌వర్కుల పని చేసే ఆడపడుచు, పెట్టె బిగించిన రోజునే హెచ్చరించింది. “అద్దం వేరు, దాచుకున్న కాపీ వేరు వదినా. నువ్వు పొరపాటున ఒక ఫైల్ తుడిచేస్తే అద్దం కూడా బుద్ధిగా తుడిచేస్తుంది. నిప్పంటుకుంటే రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. మూడో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో పెట్టుకో.”

ఆమె ఒప్పుకోలేదు. ఇవి మనుషుల ఒళ్ళు, కూరగాయల బిల్లులు కావు అంది. పాడైన డిస్క్ ఏదైనా సరే, రంధ్రం పొడవకుండా గడప దాటకూడదని కూడా ఆమే నియమం పెట్టింది. ఎక్కడ పొడవాలో భర్తకు దగ్గరుండి నేర్పించింది. నిన్న ఆయన ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తర్వాత ఖాళీ అయిన చోట కొత్త డిస్క్ పెట్టాడు. పెట్టె, పోతున్న డిస్క్ మీద నుంచి కొత్తదాని మీదికి రాసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది.

“డ్రిల్ చెయ్యమన్నది నేనా?” అన్నాడు భర్త ఇప్పుడు, నేల చూస్తూ.

“కాదు. నేనే,” అంది ఆమె.

“నేనేదో కక్ష కట్టి చేసినట్టు చూడకు.”

“చూడటం లేదు.”

“అదే. చూడటం కూడా లేదు.”

ఆడపడుచు మధ్యలోకి వచ్చింది. “మీరిద్దరూ తర్వాత తీరిగ్గా పోట్లాడుకోండి. నాకు ఆ బల్ల ఖాళీ చెయ్యండి. ఎవరూ దాన్ని కదపకండి, గట్టిగా నడవకండి.”

“గట్టిగా నడిస్తే ఏమవుతుంది?”

“నాకు కోపం వస్తుంది.”

ఆమె సిలికాన్ వేళ్ళను ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం, తప్పును దిద్దలేనప్పుడు మనిషి చేతికి మిగిలే పని. ఆమె వెతికింది. ఆడపడుచు అన్న మాటలో ఉంది, భర్త విన్న మాటలో ఉంది, తాను పెట్టిన నియమంలో ఉంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ అశ్రద్ధగా లేరు. అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది. అశ్రద్ధ అయితే రేపటి నుంచి జాగ్రత్త పడవచ్చు.

*

ముందు కొన్న డిస్క్‌ను బయటికి తీసి, తీగతో ఆడపడుచు లాప్‌టాప్‌కు కలిపారు. అది తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికోసారి లోపల గోటితో గీరినట్టు ఒక చప్పుడు. చప్పుడైనప్పుడల్లా తెర మీద అంకెలు ఆగుతున్నాయి. మళ్ళీ కదులుతున్నాయి.

“ఏం చేస్తున్నావు?” అని అడిగింది ఆమె.

“సులువుగా వచ్చేది ముందు తీసుకుంటున్నాను. మొండికేసిన చోట్లు వదిలేసి ముందుకెళ్తున్నాను. చివర్లో మళ్ళీ వాటి దగ్గరికి వస్తాను.”

“చెయ్యి ముందు తియ్యి.”

“అది అలా పేరు పెట్టి పిలిస్తే పలికే స్థితిలో లేదు వదినా.”

భర్త తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు నిలబడ్డాడు. “ఒకటి అడగనా,” అన్నాడు. “ఆవిడకి ఎడమచెయ్యి ఉంది కదా. దాన్ని స్కాన్ చేసి అటుదిటు తిప్పితే కుడిచెయ్యి అవుతుంది. నువ్వే చెప్పావు, చాలామందికి అలాగే చేస్తారని.”

“చేస్తారు.”

“మరి?”

“అది ఎడమచెయ్యి బొమ్మ అవుతుంది. ఆవిడ చెయ్యి కాదు. బొమ్మలు గీసింది ఎడమచెయ్యి కాదు.”

“చూసేవాళ్ళకి తెలుస్తుందా?”

“తొడుక్కునేవాళ్ళకి తెలుస్తుంది.”

వీధి తలుపు చప్పుడైంది. తర్వాత ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “రండమ్మా, రండి. ఇంకా చాలా టైముందనుకున్నాం. కూర్చోండి. కుర్చీ ఇటు జరపనా?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ముందే వచ్చేసింది,” అన్నాడు భర్త గుసగుసగా.

“చెయ్యి కోసం వస్తుంటే ఎవరు ఆలస్యంగా వస్తారు?” అంది ఆమె.

ముందు గదిలో అత్తగారు టీచరుకు ఏదో తాగడానికి ఇస్తోంది. “మా అబ్బాయి ఏదో విరగ్గొట్టాడట. పొద్దున్నుంచీ వీళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను. ఏం విరిగిందంటే చెప్పరు. చిన్నప్పుడూ అంతే. విరగ్గొట్టేవాడు, ముక్కలన్నీ ఒద్దికగా కాగితంలో పొట్లం కట్టి పెట్టేవాడు.”

టీచరు చిన్నగా నవ్విన చప్పుడు వినిపించింది. ఆ నవ్వు తలుపు ఇవతల ఉన్న ముగ్గురికీ తగిలింది.

“నేను వెళ్ళి ఇంకో వారం ఆగమని చెప్పనా?” అన్నాడు భర్త. “మెషీన్ బాగాలేదని చెప్తాను. అబద్ధం కూడా కాదు.”

“వారం తర్వాత ఏమని చెప్తావు?”

“అప్పటికేదో ఒకటి తేలుతుంది కదా.”

“తేలిందే కదా ఇది.”

ఆడపడుచు తల ఎత్తలేదు. “నిశ్శబ్దంగా ఉండండి,” అంది. గీరిన చప్పుడు దగ్గర దగ్గరగా వస్తోంది. వదిన బల్ల పక్కనే కూర్చుంది. ఈ చప్పుడు ఆగాలని కోరుకోవాలా, సాగాలని కోరుకోవాలా అన్నది ఆమెకు తెలియలేదు. జబ్బుమనిషి మంచం పక్కన కూడా మనిషికి ఇదే సందేహం వస్తుంది.

అసలు ఉన్నంతకాలం నకలును ఎవరూ పట్టించుకోరు. అసలు పోయిన మరుక్షణం నకలే అసలవుతుంది. దానికి మళ్ళీ ఒక నకలు కావలసి వస్తుంది. ఆమె ఇన్నాళ్ళూ పరాయి చూపుల గురించే ఆలోచించింది. ఎవరి కంటా పడకుండా ఎలా దాచాలా అని. దాచినది తనంతట తానే లేకుండా పోవచ్చునన్న ఊహ ఆ కాపలాలో ఎక్కడా లేదు.

చప్పుడు ఆగింది.

డిస్క్ తిరగడం కూడా ఆగింది. ఆడపడుచు తీగ పీకి మళ్ళీ పెట్టింది. కొంచెం ఆగి, డిస్క్‌ను అరచేతిలోకి తీసుకుని, పక్కకు తిప్పి మళ్ళీ పెట్టింది. తెర మీద అంకెలు కదల్లేదు.

“వచ్చినంతలో చూడు,” అంది ఆమె.

ఆడపడుచు చూసింది. పాత పేషెంట్లవి చాలా ఉన్నాయి. వేళ్ళు, బొటనవేళ్ళు, ఒక పిల్లవాడి మోచెయ్యి. టీచరుగారి ఫైల్ పేరు కూడా ఉంది. తెరిస్తే బూడిదరంగు చుక్కలు కొన్ని వచ్చి, ఏ ఆకారమూ కాకుండా ఆగిపోయాయి.

*

ముందు గదిలో అత్తగారు తన మోకాలి నొప్పి గురించి చెబుతోంది. టీచరు ఊఁ కొడుతోంది.

ఆమె లేచింది. “వెళ్ళి చెప్తాను.”

“ఆగు వదినా.”

“ఇంక ఆగి ఏం చెయ్యను?”

“ఆగమంటున్నాను కదా.” ఆడపడుచు లాప్‌టాప్ మూసింది. రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. “మా ఇంట్లో ఒక కాపీ ఉంది.”

ఆ మాట మొదట భర్తకు అర్థమైంది. గోడకు చేరబడి, ఊపిరి వదిలి, నవ్వడం మొదలుపెట్టాడు. “ఓసి నీ... పొద్దున్నుంచీ ప్రాణాలు తోడేసి ఇప్పుడా చెప్పేది?”

ఆమె నవ్వలేదు. “ఏం కాపీ?”

“మొత్తం. రోజూ ఇక్కడ కొత్తగా ఏం చేరితే అది అక్కడికీ వస్తుంది.”

“ఎప్పట్నుంచి?”

“పెట్టె పెట్టినప్పట్నుంచీ.”

“నేను వద్దన్నాను.”

“వద్దన్నావు.”

“నువ్వు సరేనన్నావు.”

“అన్నాను.” ఆడపడుచు గొంతు తగ్గింది. “వదినా, ఇలాంటివి పోయి ఏడ్చినవాళ్ళను నేను ఉద్యోగంలో రోజూ చూస్తాను. వాళ్ళూ ముందు వద్దన్నవాళ్ళే. నీకు పోతే నేను చూస్తూ ఊరుకోలేను. తాళం వేసే పంపాను. దారిలో ఎవరూ చదవలేరు. తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది. నేను కూడా ఎప్పుడూ తెరిచి చూడలేదు.”

“చూడలేదని నాకెలా తెలుస్తుంది?”

ఆడపడుచు లాప్‌టాప్ మీది చేతులు వెనక్కి తీసుకుంది. “తెలీదు,” అంది చివరికి. “తెలిసే దారి లేదు.”

భర్త నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. “ఇప్పుడు దాని గురించి ఎందుకు? ఉంది, అంతే కదా కావాల్సింది. అది మంచి మనసుతో చేసిన పని.”

“పొద్దున్నుంచీ ఇక్కడ కూర్చుంది,” అంది ఆమె, ఆయనతో కాదు, ఆడపడుచుతోనూ కాదు. “ఆ పోతున్నదాన్ని పట్టుకుని. నాకు ఊపిరాడటం లేదని తెలిసీ కూర్చుంది. ఎందుకో తెలుసా? అది బాగుపడితే ఈ మాట చెప్పే పని ఉండదు.”

ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తుడుచుకోలేదు. “నువ్వు నన్ను మళ్ళీ ఈ ఇంట్లో ఏదీ ముట్టుకోనివ్వవని భయపడ్డాను.”

“నేను నిన్ను ముట్టుకోనివ్వకపోవడం కాదు. నేను ఆవిడకి మాటిచ్చాను. ఇచ్చిన రోజుకే ఆ మాట అబద్ధం. నేను అబద్ధం చెప్పానని నాకే తెలీదు.”

మాట ఇచ్చేటప్పుడు మనిషి తన గురించే ఇస్తున్నాననుకుంటుంది. తనతో ముడిపడిన వాళ్ళందరి తరఫునా ఇస్తున్నానని, వాళ్ళ మనసులో ఏముందో తెలియకుండానే ఇస్తున్నానని అనుకోదు. ఆమె ఇప్పుడు ఆ ముడిని చూస్తోంది. దాన్ని తెంపితే టీచరు చెయ్యి పోతుంది. ఉంచితే తన మాట పోతుంది.

“చెప్పకపోతే?” అన్నాడు భర్త మెల్లగా. “ఆవిడకి కావాల్సింది చెయ్యి. చెయ్యి ఇద్దాం. ఆ కాపీ ఇటు తెప్పించుకుని అక్కడిది తుడిపించేద్దాం. ఆవిడ మనసెందుకు కష్టపెట్టడం?”

“ఫోటో తీసుకున్నవాళ్ళు కూడా ఆవిడ మనసు కష్టపెట్టకూడదనే చెప్పలేదేమో.”

ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

*

టీచరు కుర్చీ అంచున కూర్చుని ఉంది. కుర్తా కుడిచెయ్యి అంచు మడిచి పిన్ను పెట్టి ఉంది. ఎడమచేతిలో గ్లాసు సగం ఖాళీ అయింది. ఆమెను చూడగానే లేచింది.

“చూపిస్తారా?”

అత్తగారు కోడలి మొహం చూసి, మోకాలి మాట మధ్యలోనే ఆపేసింది.

“కూర్చోండి,” అంది ఆమె. తానూ ఎదురుగా కూర్చుంది. వెనక ఆడపడుచు వచ్చి నిలబడింది.

ఆమె మొత్తం చెప్పింది. రంధ్రం గురించి, ఆగిపోయిన చప్పుడు గురించి, ఒక మాటను ఇద్దరు రెండు రకాలుగా పట్టుకోవడం గురించి. ఎవరి తప్పనీ చెప్పలేదు. తర్వాత ఇంకో ఇంట్లో ఉన్న కాపీ గురించి చెప్పింది. అది తనకు తెలియకుండా వెళ్ళిందని చెప్పబోయి, ఆ వాక్యం తనను కాపాడుకోవడానికే పనికొస్తుందని తోచి, మింగేసింది.

“మీకు ఇచ్చిన మాట నిలవలేదు,” అంది. “అది తెరవాలో వద్దో మీరే చెప్పాలి. వద్దంటే తెరవకుండానే తుడిచేస్తాం.”

టీచరు గ్లాసును జాగ్రత్తగా స్టూల్ మీద పెట్టింది. ఎడమచేత్తో పెట్టడం ఇంకా అలవాటు కాలేదు. అంచు ఒకసారి తగిలి టంగుమంది.

“పంపింది ఎవరు?”

“నేనండీ,” అంది ఆడపడుచు.

“ఇల్లు దూరమా?”

“కాదండీ. బస్సులో అయితే కొంచెం సేపు. ఆటోలో ఇంకా తొందరగా వెళ్ళొచ్చు.”

“ఇప్పుడు వెళ్దామా?”

ఆడపడుచు తడబడింది. “ఇప్పుడా? వెళ్దాం. ఇల్లంతా చిందరవందరగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.”

“నేను చూడ్డానికి వచ్చేది ఇల్లు కాదు కదా.”

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేదో ఆపుకుంటోందో తెలియలేదు.

ఆమె లేచింది. “నేనూ వస్తాను. తెరిచాక కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూడాలి.”

“మీరు వద్దు,” అంది టీచరు.

గొంతులో కోపం లేదు. అది ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

“కొలతలు...”

“తర్వాత చూద్దురుగాని. చెయ్యించుకుంటానో లేదో నాకింకా తెలీదు.” టీచరు సంచీ భుజానికి తగిలించుకుంది. “ఏమీ అనుకోకండి. ఈ అమ్మాయి నాకేం మాటివ్వలేదు. అందుకని ఈ అమ్మాయితో వెళ్ళగలను.”

ఆడపడుచు వదిన వైపు చూసింది, వెళ్ళమంటావా అన్నట్టు. ఆమె తల ఊపలేదు. వద్దనీ అనలేదు.

వాళ్ళిద్దరూ వీధిలోకి దిగారు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. మూల దగ్గర టీచరు ఆగి, తలతో ఇంటి వైపు సైగ చేసి ఏదో అడిగింది. ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. టీచరు మళ్ళీ అడిగింది. ఈసారి ఆడపడుచు వెనక్కి తిరిగి ఇంటి వైపు ఒకసారి చూసి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.

ఆ జవాబు ఏమిటో వినిపించేంత దగ్గరలో ఆమె లేదు.